ఏటా గ్యాస్ అయిపోయిందంటున్నారు... ఈ ఏసీని బాగు చేయించాలా, మార్చేయాలా?

ఉక్కపోత_బాధితుడు

1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. గ్యాస్ ఆర్32 అని ఔట్‌డోర్ స్టిక్కర్ మీద ఉంది. కొని ఏడేళ్లు దాటింది. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. కొన్నేళ్లుగా మాత్రం ఒకటే వరస. వేసవి మొదలవగానే గాలి వస్తుంది, చల్లదనం ఉండదు. మెకానిక్ వస్తాడు, మీటర్ తగిలిస్తాడు, "గ్యాస్ తగ్గింది సార్" అంటాడు, నింపేసి పోతాడు. ఆ సీజన్ గడిచిపోతుంది. మరుసటి ఏడాది మళ్లీ అదే పాట.

ఈసారి వచ్చినతను "కాయిల్ పోయినట్టుంది, ఇంత పాతదానికి ఖర్చెందుకు, కొత్తది తీసేసుకోండి" అన్నాడు. ఇంకొకతనికి ఫోన్ చేస్తే "గ్యాస్ కొట్టిస్తే సరిపోద్ది" అన్నాడు, యూనిట్ మొహం కూడా చూడకుండా. ఇంట్లోవాళ్లంతా కొత్తదానికే ఓటేశారు. నాకేమో కంప్రెసర్ చప్పుడు లేకుండా నిక్షేపంగా ఉన్న యూనిట్‌ని పారేయడానికి మనసొప్పట్లేదు. అసలు గ్యాస్ ఇలా ఏటా తగ్గడం మామూలేనా?

నిశ్శబ్దం_ప్లీజ్

ఫోన్లోనే రోగం తేల్చేశాడా! అతను మెకానిక్ కాదు, జాతకాలు చెప్పేవాడై ఉంటాడు.

రాగిగొట్టం

మామూలు కాదు. ఈ లైన్లో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి కాయిల్లో ఆవిరవుతూ గదిలో వేడిని పట్టుకుంటుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిల్‌కి పంపుతుంది, అక్కడ వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. పదేళ్ల తర్వాత చూసినా ఫ్యాక్టరీలో పోసిన బరువే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది, అంతే.

సీజనంతా ఆగి తర్వాత తగ్గుతోందంటే లీకు చిన్నదే. చిన్న లీకు దొరకడమే కష్టం, గంటలు పడుతుంది. అందుకే చాలామంది వెతకరు. నింపేసి వస్తే పని తొందరగా అయిపోతుంది, పై ఏడాది మళ్లీ పిలుపూ వస్తుంది.

ఇకనుంచి ఎవరొచ్చినా ముందు ఒక్క మాట అడగండి, "లీకు వెతకడానికి నైట్రోజన్ సిలిండర్ తెస్తారా?" అని. తేనంటే ఇంకొకరిని చూసుకోండి. కాయిల్ పోయిందన్నతను అది ఎలా తేల్చాడో కూడా అడగండి. కాయిల్ విడిగా తీసి ప్రెషర్ పెట్టి చూశాడా, లేక వాటం చూసి చెప్పాడా?

ఉక్కపోత_బాధితుడు

ఏమీ విప్పలేదండీ. మూత తీసి టార్చ్ వేసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

సర్దుబాటు_సుబ్బయ్య

చెప్పడానికి బాగానే ఉంటుంది. మా హాల్లో ఏసీని నేను ఏళ్ల తరబడి టాపప్‌తోనే లాగిస్తున్నా. వెతికించడం, విప్పించడం, నైట్రోజన్, వాక్యూమ్ అన్నీ కలిపితే రెండు మూడు టాపప్‌ల ఖర్చు అవుతుంది. అదీ లీకు దొరికితేనే. దొరక్కపోతే ఆ డబ్బులూ పోయినట్టే. షుగర్ ఉన్నవాడు రోజూ మాత్ర వేసుకుని బతికేయట్లేదా? ఇదీ అంతే.

మీటరుమామ

సుబ్బయ్య గారూ, గ్యాస్ తగ్గిన ఏసీ ఆగిపోయేదాకా నెలల తరబడి తక్కువ గ్యాస్‌తోనే నడుస్తుంది కదా. ఆ నెలల్లో ఏం జరుగుతుందో చూడండి. గది చల్లబడదు కాబట్టి ఇన్వర్టర్ కంప్రెసర్ ఫుల్ స్పీడు నుంచి కిందికి దిగదు. తనని చల్లబరచడానికి తిరిగొచ్చే గ్యాస్ చాలదు కాబట్టి బాగా వేడెక్కుతుంది. గ్యాస్‌తో పాటే తిరిగే ఆయిల్ కూడా ఆ లీకులోంచి కొంచెం కొంచెం బయటికి పోతుంది. మీరు టాపప్ ఖర్చు లెక్కేస్తున్నారు, కరెంటు బిల్లులో పోయేది వేయట్లేదు.

ఇంకోటి. ఆర్32 కిలో గాల్లో కలిస్తే వందేళ్ల లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇంకో ఏసీ గ్యాస్ ఆర్410ఏ అయితే 2,088. మన గది చల్లబడకపోగా ఊరు వేడెక్కడం కూడా మన ఖాతాలోనే.

నిశ్శబ్దం_ప్లీజ్

పైగా షుగర్ మాత్ర ఇంట్లోవాళ్లందరూ పీల్చరు బాబాయ్.

సర్దుబాటు_సుబ్బయ్య

సరే సరే, అందరూ కలిసి నన్ను భూమికి శత్రువుని చేసేశారు. నా ఏసీ మాత్రం చల్లగానే ఉంది.

కొత్తదే_కొను

ఏడేళ్లు నడిచింది, డబ్బులు వసూలైనట్టే. ఈ లీకు వేట మొదలుపెడితే అంతుండదు. ఇవాళ లీకు, రేపు పీసీబీ (లోపలి కంట్రోల్ బోర్డు), ఎల్లుండి ఫ్యాన్ మోటారు. కొత్తది కొనేసి ప్రశాంతంగా పడుకోండి.

మీటరుమామ

అమ్మేయడానికి అంత తొందరెందుకు? అసలు గ్యాస్ తగ్గిందని తేలిందా? ఆ మీటర్ రీడింగ్ మీదే నాకు అనుమానం. పాత ఆన్-ఆఫ్ ఏసీలో కంప్రెసర్ ఒకే స్పీడులో తిరుగుతుంది కాబట్టి బయటి యూనిట్‌కి వెళ్లే రెండు గొట్టాల్లో లావుదాని దగ్గర ప్రెషర్ చూసి కాస్త అంచనా వేయొచ్చు. ఇన్వర్టర్‌లో స్పీడు మారుతూ ఉంటుంది, స్పీడుతో పాటు ప్రెషరూ మారుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు చూస్తే ఒక అంకె, ఫుల్ స్పీడులో ఇంకో అంకె. పాత గ్యాస్ ఆర్22 రోజుల్లో 60, 70 పీఎస్ఐ చూసి చేయి తిరిగినవాళ్లు ఆర్32 మీటర్ మీద 120 దాటితే కంగారు పడతారు. దానికి అదే మామూలు.

ఇన్వర్టర్‌లో గ్యాస్ సరిగ్గా ఉందో లేదో తేలాలంటే ఉన్నదంతా బయటికి తీసి తూచాలి, మళ్లీ స్టిక్కర్ మీద రాసిన బరువు తూకం వేసి పోయాలి. నమ్మకమైన దారి అదే.

మేడమీద_మల్లిక

మీటరుమామ గారి మాటకి నా ఓటు. మా పడకగది ఏసీకి కూడా ఇలాగే "గ్యాస్ లేదు" అన్నారు. మూత తీసి చూస్తే లోపలి కాయిల్ మీద మంచు పేరుకుపోయి ఉంది. ఫిల్టర్ చూస్తే దుమ్ము, వెంట్రుకలు కలిసి దుప్పటిలా పట్టేశాయి. ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీదుగా గాలి ఆడదు. గాలి ఆడకపోతే కాయిల్ సున్నా కిందికి పోయి గాల్లో తేమంతా మంచు కడుతుంది, మంచు కడితే గాలి ఇంకా ఆడదు. ఏసీ ఆపి, ఒట్టి ఫ్యాన్ మోడ్‌లో పెట్టి మంచు కరిగించి, ఫిల్టర్ కడిగి పెడితే చల్లదనం మామూలుగా వచ్చేసింది. గ్రాము గ్యాస్ పడలేదు.

ముందు ఫిల్టర్, తర్వాత లోపలి రోలర్ బ్లోయర్, ఆ తర్వాత బయటి కాయిల్ చూడండి. గ్యాస్ గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ఉక్కపోత_బాధితుడు

మల్లిక గారూ, ఫిల్టర్ నేనే కడుగుతా, శుభ్రంగానే ఉంది. బయట యూనిట్ దగ్గరికెళ్లి చూశా. ఏసీ 18లో పెట్టి కాసేపు నడిపాక సన్న గొట్టం వాల్వ్ దగ్గర తెల్లగా మంచు కట్టింది. పక్కన లావు గొట్టం మాత్రం పట్టుకుంటే చల్లగా లేదు, బయట గాలంత వేడిగానే ఉంది. ఫొటో పెట్టాలంటే సైజు ఎక్కువంటోంది.

రాగిగొట్టం

ఫొటో అక్కర్లేదు. ఇప్పుడొచ్చే స్ప్లిట్‌లలో గ్యాస్ ప్రెషర్ తగ్గించే వాల్వ్ చాలావరకు బయటి యూనిట్‌లోనే ఉంటుంది, కాబట్టి కూలింగ్‌లో రెండు గొట్టాలూ చల్లగానే ఉండాలి. లావు గొట్టం బాగా చల్లగా, నీటి చెమ్మతో ఉండాలి. సన్నదాని మీద మంచు కట్టి లావుది వెచ్చగా ఉంటే, ఉన్న కొంచెం గ్యాసూ మొదట్లోనే ఆవిరైపోతోందన్నమాట. ఫిల్టర్ శుభ్రంగా ఉంది కాబట్టి నా పందెం గ్యాస్ తక్కువ మీదే. మామగారి అనుమానం సబబే, కానీ ఈ కేసులో లీకు ఉంది.

పాతసామాను

కెపాసిటర్ మార్చి చూడన్నా. మా ఏసీ గూం గూం అని మూలిగి ట్రిప్ అయ్యేది. కెపాసిటర్ మార్చగానే ఠక్కున లేచింది. చవకైన పార్టు.

మీటరుమామ

మీది ఆన్-ఆఫ్ ఏసీ అయి ఉంటుంది. అందులో కంప్రెసర్‌ని లేపేదీ, నడిపేదీ రన్ కెపాసిటరే, 35 మైక్రోఫారడ్‌లో 40లో ఉంటాయి. విలువ బాగా పడిపోతే మీరు చెప్పినట్టే మూలుగుతుంది, లేవదు. ఆయనది ఇన్వర్టర్. అందులో కంప్రెసర్‌ని బోర్డే నడుపుతుంది, ఆ డబ్బాలాంటి రన్ కెపాసిటర్ ఉండదు.

చదివేవాళ్లకి ఒక మాట. కెపాసిటర్ సొంతంగా మార్చేద్దామని మూత విప్పకండి. మెయిన్ ఆపేసినా అందులో చార్జ్ మిగిలి ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డు మీదయితే 300 వోల్టుల పైనే డీసీ నిలిచి ఉంటుంది, లైటు ఆరిపోయాక కూడా. ఇది సరదాకి చేసే పని కాదు.

కిటికీపక్క

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఏసీ చల్లదనం బాగానే ఉంది కానీ ఇండోర్ నుంచి గోడమీదికి నీళ్లు కారుతున్నాయి. సర్వీసు చేయించిన వారానికే మొదలైంది. ఇదీ గ్యాసేనా?

నిశ్శబ్దం_ప్లీజ్

ఈ చర్చలోకి వచ్చిన పాపానికి మీక్కూడా గ్యాసే.

రాగిగొట్టం

కిటికీపక్క గారూ, చల్లదనం బాగుంటే గ్యాస్ జోలికి పోకండి. డ్రెయిన్ చూడండి. కాయిల్ మీద కారిన నీళ్లు కింద తొట్టిలోకి, అక్కడినుంచి పైపులోకి పోవాలి. సర్వీసులో కాయిల్ కడిగినప్పుడు ఊడిన మురికి తొట్టి మూలలో అడ్డుపడి ఉంటుంది. లేదంటే యూనిట్ తీసి పెట్టేటప్పుడు ఒకవైపు వాలి, పైపు లేని వైపు నీళ్లు చేరుతున్నాయి. పైపు బయటి చివర బకెట్‌లో మునిగి ఉన్నా గాలి బుడగ అడ్డుపడి నీళ్లు దిగవు. వచ్చినతన్ని ముందు తొట్టిలో ఒక చెంబుడు నీళ్లు పోసి, బయట ఎంత వస్తున్నాయో చూడమనండి.

కిటికీపక్క

చివర బకెట్‌లోనే ఉంది!! ఇప్పుడే పైకి కట్టాను. కారడం ఆగితే చెప్తా.

కొత్తదే_కొను

నేనన్నది ఎవరూ పట్టించుకోలేదు. సరే, నాది మొండితనం కాదని నిరూపిస్తా. ఎప్పుడు మార్చేయాలో చెప్తున్నా, కాదనండి చూద్దాం. కంప్రెసర్ వైండింగ్ కాలిపోయి, వారంటీ కూడా దాటితే మార్చేయండి. కాలిన కంప్రెసర్ ఆయిల్‌ని యాసిడ్ చేస్తుంది, అది గొట్టాలంతా పాకుతుంది. సరిగ్గా కడగకుండా, చెమ్మ పీల్చే డ్రయర్ మార్చకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అదీ పోతుంది. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దగ్గరికొస్తే మార్చేయండి. గ్యాస్ ఆర్22 అయితే మారు మాట్లాడకుండా మార్చేయండి.

పాతసామాను

ఆర్22 ఏం పాపం చేసింది? మాది అదే. పదిహేనేళ్లుగా కదలకుండా నడుస్తోంది. ఇప్పటివాటిలాగా ముట్టుకుంటే వంగే రేకు కాదు.

మీటరుమామ

నడిచినన్నాళ్లు నడపండి, ఎవరూ వద్దనరు. లీకయితేనే చిక్కు. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్22 ఓజోన్ పొరని తినేసే జాబితాలో ఉంది. ధనిక దేశాల్లో 2020కల్లా దాని తయారీ, దిగుమతి దాదాపు ఆగిపోయాయి, వర్ధమాన దేశాలకి గడువు 2030. సర్వీసింగ్ కోసం కాస్త మిగులుస్తారు, అంతే. కాబట్టి రాన్రానూ అసలు సరుకు దొరకదు, దొరికిందంటే ఏం కలిపారో తెలీదు.

ఆ యూనిట్‌లో ఆర్410ఏ కొట్టేస్తానని ఎవడైనా అంటే ఇంట్లోకి రానివ్వకండి. దాని ప్రెషర్ ఆర్22 కంటే సగానికి పైగా ఎక్కువ, ఆయిలూ వేరు. "హైడ్రోకార్బన్ గ్యాస్ వేస్తే చల్లగా ఉంటుంది" అనేవాళ్లూ ఉన్నారు. చల్లగానే ఉంటుంది. అది ప్రొపేన్, బాగా అంటుకునే సరుకు. దానికోసం కట్టని యూనిట్‌లో పోస్తే లోపలి రిలే నిప్పురవ్వకి భగ్గుమనొచ్చు.

పాతసామాను

అర్థమైంది మామా. లీకయ్యేదాకా నా ముసలిది నాదే.

చలిలో_తెలుగోడు

అందరూ చల్లదనం గురించే మాట్లాడుతున్నారు. ఇక్కడ నేను చలికి చస్తున్నా. మాది వేడి, చల్లన రెండూ ఇచ్చే హీట్ పంప్ రకం. చలి బాగా ఉన్న పొద్దుల్లో లోపల గాలి ఆగిపోతుంది, బయటి యూనిట్ నుంచి పొగలు. మొదటిసారి చూసి మా ఆవిడ ఫైరింజన్‌కి ఫోన్ చేయబోయింది. కాసేపటికి మళ్లీ మామూలే. చెడిపోయిందా?

రాగిగొట్టం

చెడిపోలేదు, అది డీఫ్రాస్ట్. హీటింగ్‌లో అంతా తిరగబడుతుంది. బయటి కాయిల్ చలిగాల్లోంచి వేడి లాక్కుంటూ సున్నా కిందికి పోతుంది, దాని మీద మంచు కడుతుంది. ఎక్కువైనప్పుడు రివర్సింగ్ వాల్వ్ కాసేపు కూలింగ్‌కి మారి, బయటి కాయిల్‌ని వేడి చేసి ఆ మంచు కరిగిస్తుంది. అప్పుడు లేచే ఆవిరే మీకు పొగలా కనిపిస్తోంది. మీ మీదికి చల్లగాలి కొట్టకుండా లోపల ఫ్యాన్ ఆపేస్తుంది. అయిదు, పది నిమిషాల పని.

ఆవిరైపోయాక కూడా కాయిల్లో సగం మంచు అలాగే ఉంటేనో, తెరిపి లేకుండా ఇదే తంతైతేనో పిలవండి. అప్పుడు గ్యాస్ తక్కువో, సెన్సర్ పాడవడమో ఉంటుంది. యూనిట్ కింద నీళ్లు గడ్డకట్టి ఫ్యాన్‌కి తగలకుండా చూసుకోండి.

చలిలో_తెలుగోడు

హమ్మయ్య. మా పక్కింట్లో గ్యాస్ ఫర్నేసు వాడతారు. దాని ముందు ఇది దండగ, మార్చేయమంటాడు ఆయన.

మీటరుమామ

మామూలు చలిలో హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి తెచ్చిపెడుతుంది. కాయిల్ హీటర్ ఒకటికి ఒకటే. బయట చలి ముదిరేకొద్దీ ఆ మూడు తగ్గుతుంది, అది నిజం. ఫర్నేసుకి ఇంకో భయం ఉంది. లోపల మంట వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ పగిలినా, పొగగొట్టం మూసుకుపోయినా కార్బన్ మోనాక్సైడ్ (సీవో) అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. మంట నీలంగా ఉండాలి. పసుపుగా, బద్ధకంగా ఊగుతుంటే వెంటనే ఆపించాలి. మీ పక్కింటాయనకి సీవో అలారం ఉందో లేదో కనుక్కోండి. హీటర్ వాదన తర్వాత.

మేడమీద_మల్లిక

బాధితుడు గారు ఒకవేళ కొత్తదే కొంటే సైజు గురించి ఒక మాట. "ఇంకా చల్లగా ఉంటుంది, రెండు టన్నులు తీసుకోండి" అని షాపువాళ్లు మొదలుపెడతారు. వినకండి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, దాదాపు 3.5 కిలోవాట్ల వేడి తీయడం. గదికి అవసరమైనదాని కంటే పెద్దది పెడితే గాలి టక్కున చల్లబడుతుంది, మిషన్ ఆగిపోతుంది, తేమ అలాగే ఉంటుంది. చల్లగా, జిగటగా ఉంటుంది.

కొత్తదే_కొను

ఇన్వర్టర్ అయితే స్పీడు తగ్గించుకుంటుంది కదా మల్లిక గారూ, ఇక సమస్యేముంది?

మేడమీద_మల్లిక

తగ్గించుకుంటుంది, కానీ దానికీ కింద ఒక హద్దు ఉంటుంది. చిన్న గదిలో పెద్ద యూనిట్ ఆ హద్దు దగ్గర కూడా ఎక్కువే. తేమ తీయడం చిన్న విషయమేం కాదు. 1902లో విల్లిస్ క్యారియర్ మొదటి ఏసీ కట్టింది మనుషుల సుఖానికి కూడా కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకి కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడట్లేదని.

సర్దుబాటు_సుబ్బయ్య

అయ్యో, కాగితానికి ఉన్న భాగ్యం నాకు లేకపాయె.

రాగిగొట్టం

బాధితుడు గారు మెసేజ్‌లో లీకు టెస్ట్ ఎలా చేయించాలో అడిగారు. అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నా.

ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా రికవరీ సిలిండర్‌లోకి తీయాలి. ఆ తర్వాత గొట్టాల్లోకి పొడి నైట్రోజన్, నేమ్‌ప్లేట్ మీద ఉన్న ప్రెషర్ మించకుండా, రెగ్యులేటర్ పెట్టి ఎక్కించాలి. ఆక్సిజన్ పెట్టడానికి వీల్లేదు. లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, ప్రాణాలు పోయిన పని అది. ప్రెషర్ ఎక్కించాక జాయింట్ల మీద సబ్బు నురగ పూసి ఓపిగ్గా చూడాలి. బుడగ రాకపోతే గేజీ అలాగే ఉంచి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే కాస్త తగ్గిందని వెంటనే లీకు అనకూడదు. రాత్రి చల్లబడితే లోపలి నైట్రోజన్ ప్రెషరూ కొంచెం దిగుతుంది, ఆ తేడా తీసేసి చూడాలి.

అప్పటికీ తగ్గుతుంటే బయటి యూనిట్ వాల్వులు మూసి, లోపలిదీ గొట్టాలూ ఒక ముక్క, బయటిది ఒక ముక్క చేసి విడివిడిగా పరీక్షించాలి. ముందు చూడాల్సింది ఫ్లేర్ నట్లు, అంటే గొట్టం చివరని గరాటులా విచ్చి బిగించే నట్లు. ఇంట్లో బిగించిన జాయింట్లు అవే, మిగతావన్నీ ఫ్యాక్టరీ అతుకులు. తర్వాతి అనుమానం లోపలి కాయిల్. కొత్త రంగులు, ప్లైవుడ్ సామాను, క్లీనర్ల నుంచి వచ్చే ఆవిర్లు, తేమ కలిసి సన్నటి రాగి గొట్టాన్ని లోలోపల తొలిచేస్తాయి. కంటికి కనిపించని బెజ్జాలు పడతాయి. అలాంటి కాయిల్‌కి ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట కారుతుంది. అప్పుడు కాయిల్ మార్చడమే.

లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టాలి. మీటర్ సూది కిందికి పడింది కదా అని ఆపేయకూడదు. లోపల ఎంత శూన్యం ఉందో చూపే మైక్రాన్ గేజీ మీద 500 కిందికి రావాలి, పంపు ఆపాక కూడా అక్కడే నిలబడాలి. లోపల చెమ్మ మిగిలితే ఆయిల్ చెడి యాసిడ్ అవుతుంది. అదయ్యాక గ్యాస్ తూకం వేసి పోయాలి.

నిశ్శబ్దం_ప్లీజ్

ఇదంతా చదివాక సుబ్బయ్య గారి టాపప్ ఎందుకు అంత తొందరగా అయిపోతుందో అర్థమైంది.

కిటికీపక్క

నీళ్లు ఆగిపోయాయి. రాగిగొట్టం గారూ, మీకు దండం.

ఉక్కపోత_బాధితుడు

ఇవాళ పని అయింది, రాస్తున్నా. నైట్రోజన్ తెస్తానన్న మనిషి దొరకడానికే ఎక్కువ టైం పట్టింది.

ఇండోర్ యూనిట్ కొంచెం పైకెత్తి, గోడ దగ్గర గొట్టాలకి చుట్టిన నల్ల స్పాంజి విప్పాడు. లావు గొట్టం నట్టు కింద ఒక పక్కనే దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. మిగతా చోట్లంతా పొడి దుమ్మే. "ఇక్కడే సార్, ఆయిల్ చెప్తోంది" అన్నాడు, ఇంకా ఏమీ పెట్టకముందే. నైట్రోజన్ ఎక్కించి నురగ పూశాక కాసేపు ఏమీ లేదు. నేను అయిపోయిందనుకుంటుండగా నట్టు అంచున ఆవగింజంత బుడగ లేచింది, పెరిగింది, పగిలింది, మళ్లీ అక్కడే ఇంకోటి. నట్టు విప్పి గొట్టం చివర చూపించాడు. విచ్చిన అంచు మీద సన్నటి గీత ఉంది, గోరు పెడితే తగులుతోంది. మొదట బిగించేటప్పుడు అంచు సాపు చేయకుండా విచ్చారట, పైగా బలంకొద్దీ బిగించారట.

ఆ ముక్క కోసేసి, కొత్తగా ఫ్లేర్ చేసి, టార్క్ రెంచీతో బిగించాడు. మళ్లీ నైట్రోజన్ పెట్టి రాత్రంతా వదిలేసి ఇవాళ వచ్చి చూస్తే సూది కదల్లేదు. వాక్యూమ్ పెట్టాక స్టిక్కర్ మీదున్న 950 గ్రాములూ తూకం వేసి పోశాడు. ఇప్పుడు లోపలికి పోయే గాలి 30, బయటికొచ్చే గాలి 18. లావు గొట్టం మీద చెమ్మ పట్టింది. ఇంట్లోవాళ్లు ఓటు వెనక్కి తీసుకున్నారు.

మీటరుమామ

12 డిగ్రీల తేడా అంటే బాగుంది. కాయిల్ పోయిందని ఊరికే మార్పించి ఉంటే, కొత్త కాయిల్‌ని అదే పాడు ఫ్లేర్‌కి బిగించేవాళ్లు, మళ్లీ ఏడాదికి ఇదే చర్చ. ఒక్క అనుమానం. సన్న గొట్టం నట్టు కూడా అదే చేతులు బిగించినవే కదా, దాన్ని విప్పి చూశాడా?

ఉక్కపోత_బాధితుడు

చూశాడు. అది బాగానే ఉందన్నాడు, అయినా విప్పాడు కాబట్టి దాన్నీ కొత్తగానే చేసి 16 న్యూటన్ మీటర్లకి బిగించాడు.

రాగిగొట్టం

పావు అంగుళం నట్టుకి 14 నుంచి 18 మధ్య బిగించమంటారు. మంచి పనివాడే దొరికాడు, నంబరు పోగొట్టుకోకండి. ఇక్కడ మాత్రం పెట్టకండి, రూల్స్ ఒప్పుకోవు.

కొత్తదే_కొను

ఈ ఒక్కసారికి ఓడిపోయా. పీసీబీ పోయినప్పుడు మళ్లీ కలుద్దాం.

సర్దుబాటు_సుబ్బయ్య

రాగిగొట్టం గారూ, నాకూ ఒక మాట చెప్పండి. ఆ నల్ల జిడ్డు సంగతి చదివి స్టూలెక్కి చూశా. మాదాంట్లో లోపల ఏమీ లేదు. బయటి యూనిట్‌లో రెండు వాల్వుల్లో ఒకదాని మూత దగ్గర జిడ్డుగా ఉంది.

రాగిగొట్టం

అదృష్టవంతులు. సర్వీస్ పోర్ట్ లోపల టైర్ వాల్వ్‌కి ఉన్నట్టే చిన్న పిన్ను ఉంటుంది. టాపప్ చేసిన ప్రతిసారీ దాన్నే నొక్కుతారు. అది అరిగినా, మట్టి పడినా కారుతుంది. మూతలో రబ్బరు వాషర్ కూడా ఉందో లేదో చూడమనండి, చాలాచోట్ల మూతే పెట్టకుండా పోతారు.

నిశ్శబ్దం_ప్లీజ్

అంటే టాపప్పే లీకు, లీకే టాపప్పు.

మూడో_అంతస్తు

కొత్తగా చేరాను, పైన అంతా చదివా. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్ వదిలేసి, అక్కడ మళ్లీ నింపితే సరిపోతుందన్నారు. అలాగే చేస్తారా?

రాగిగొట్టం

వద్దు. పంప్ డౌన్ చేయించండి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్న గొట్టం వాల్వ్ మూస్తారు, కంప్రెసర్ గ్యాసంతా లాక్కుని బయటి యూనిట్‌లో దాచుకుంటుంది. లావు గొట్టం దగ్గర గేజీ సున్నాకి దగ్గరవగానే ఆ వాల్వూ మూసి, వెంటనే కరెంటు ఆపేయాలి. గేజీ పెట్టకుండా అంచనాతో చేయనివ్వకండి. గొట్టం విప్పేసి ఉన్నా, ఎక్కడైనా లీకున్నా కంప్రెసర్ గాలి పీల్చేస్తుంది. గాలి, ఆయిల్ కలిసి లోపల నొక్కుకుంటే కంప్రెసర్ పేలి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. ముందే లీకున్న ఏసీ అయితే పంప్ డౌన్ కూడా వద్దు, రికవరీ మిషన్‌తో తీయించండి.

మూడో_అంతస్తు

సామాను మోసేవాళ్లే ఏసీ కూడా విప్పుతామన్నారు. గేజీ ఉందా అని అడిగితే "అదెందుకు సార్" అన్నారు. మంచాలు, బీరువాల వరకే చూసుకోమని చెప్పేశా.